విభావం లోపించిన వేదన: ప్రశంసలందుకున్న సమకాలీన ఐరిష్ నవలలు – ఒక పునఃపరిశీలన

వ్యాస సంగ్రహం

గత కొన్నేళ్లుగా అంతర్జాతీయ పురస్కారాలను, పత్రికల ప్రశంసలను విశేషంగా పొందిన ఐరిష్ నవలలు నిశితంగా చదివే పాఠకునికి కొన్నిసార్లు ఆశాభంగాన్ని ఎందుకు కలిగిస్తాయన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. పాల్ లించ్, క్లెయిర్ కీగన్, సాలీ రూనీల నవలలు మూడింటిని ఇందుకు ఆధారంగా తీసుకున్నాను. వేదనను ఎంతో నైపుణ్యంతో చిత్రించిన ఈ రచనలు ఆ వేదనకు మూలమైన సామాజిక కారణాన్ని కథాపరిధికి వెలుపలే ఉంచుతున్నాయని ప్రతిపాదించి, ఆనా బర్న్స్, జాన్ మెగాహర్న్ నవలలతో ఆ ప్రతిపాదనను పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఐరిష్ నవల, ఆశాభంగం, విభావం, సాధారణీకరణం, అపేక్షా పరిధి, బుకర్ పురస్కారం

1. ప్రస్తావన

ఐర్లండ్ ద్వీపం మొత్తం జనాభా సుమారు 70 లక్షలు. ఇంత చిన్న సమాజం ఆంగ్ల నవలకు అందించిన రచయితల సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది. జాన్ బాన్‌విల్ 2005లో, ఆన్ ఎన్‌రైట్ 2007లో, ఆనా బర్న్స్ 2018లో, పాల్ లించ్ 2023లో బుకర్ పురస్కారాన్ని అందుకున్నారు. 2023లో ఆ పురస్కారానికి ప్రకటించిన తొలి జాబితాలోని 13 నవలలలో నాలుగు ఐరిష్ రచయితలవి. ఈ వికాసానికి రాజ్యాదరణ కూడా తోడైంది. సృజనాత్మక రచనల ద్వారా వచ్చే ఆదాయానికి కొన్ని పరిమితులకు లోబడి 1969 నుండి అక్కడ పన్ను మినహాయింపు ఉంది. 1981లో ఏర్పడిన 'ఈస్‌డానా' అనే కళాకారుల సంస్థ తన సభ్యులలో అర్హులైనవారికి జీవనభృతిని కల్పిస్తోంది.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఐరిష్ నవల అపరిచితం కాదు. చైతన్య స్రవంతి అన్న పరిభాష మన విమర్శలో స్థిరపడిన నాటి నుండి జేమ్స్ జాయిస్ పేరు మనకు పరిచితమే. 1969లో వెలువడిన నవీన్ 'అంపశయ్య'పై జరిగిన చర్చలలో ఆ ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. అందువల్ల ఐరిష్ నవల అనగానే శిల్పసాహసాన్ని, దానితోపాటు తన సమాజాన్ని తానే నిలదీసే ధైర్యాన్ని ఆశించడం మనకు అలవాటైంది. సమకాలీన నవలలను నేను చదివింది కూడా ఆ అపేక్షతోనే. వాటిలో శిల్పం తరచుగా దొరికింది. నిలదీయడం మాత్రం ప్రశంసలు సూచించినంతగా దొరకలేదు. ఈ అనుభవం నా ఒక్కరి రుచికి సంబంధించినదా, రచనలలోనే దానికి హేతువు ఉన్నదా అని విచారించవలసి ఉంది.

2. ఆశాభంగం – దాని స్వరూపం

ఆశాభంగాన్ని విమర్శ ప్రమాణంగా స్వీకరించడంలో ప్రమాదం ఉంది. అతి ప్రశంస వల్ల కలిగే ఆశాభంగం ఒక రకం. దీనికి బాధ్యత ప్రశంసించినవారిది, రచనది కాదు. పాఠకునికి, రచన పుట్టిన సమాజానికి మధ్యనున్న దూరం వల్ల కలిగేది రెండో రకం. ఇక్కడ లోపం పాఠకుని సన్నద్ధతలో ఉంటుంది. రచన తానే లేవనెత్తిన ప్రశ్న నుండి తప్పుకున్నప్పుడు కలిగేది మూడో రకం. మొదటి రెండింటినీ విడదీసి పక్కన పెట్టిన తరువాతనే మూడో దాని గురించి మాట్లాడే అర్హత విమర్శకునికి వస్తుంది.

జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ ప్రతిపాదించిన అపేక్షా పరిధి ఇక్కడ ఉపయోగపడుతుంది. పాఠకుని అపేక్షను ఏ మార్పూ కోరకుండా నెరవేర్చే రచన క్రమంగా వినోద సాహిత్యానికి చేరువవుతుందని ఆయన వాదన. ఈ వ్యాసంలో ప్రస్తావించే ఆశాభంగం సరిగ్గా ఈ కోవకు చెందినది. ఈ నవలలు నా నైతిక అపేక్షలను భంగపరచలేదు. వాటిని ఏమాత్రం కదిలించకుండా నెరవేర్చాయి. నియంతృత్వం చెడ్డదనీ, అనాథ స్త్రీలను హింసించడం పాపమనీ పుస్తకం తెరవక ముందే పాఠకునికి తెలుసు. పుస్తకం మూసిన తరువాత కూడా అతనికి తెలిసింది అంతే అయితే, మధ్యలో జరిగినదేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి రససిద్ధాంత పరిభాష తోడ్పడుతుంది. విభావానుభావ వ్యభిచారి భావాల సంయోగం వల్ల రసనిష్పత్తి జరుగుతుందన్నది భరతుని మతం. వేదనకు కారణమైనది విభావం. ఆ వేదన బయటికి కనబడే తీరు అనుభావం. శాస్త్ర నిర్వచనం ప్రకారం ఇష్టజన వియోగం, వధ, బంధనం కరుణకు విభావాలే. నాటకానికి అవి చాలు. అయితే నవల సమాజాన్ని తన వస్తువుగా ప్రకటించుకున్న ప్రక్రియ. భర్త బంధనం విభావమైనప్పుడు, అతన్ని బంధించిన వ్యవస్థ ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నను కూడా అది తన పరిధిలోకి తెచ్చుకుంటుంది. ఈ కారణానికి కారణాన్ని 'సామాజిక విభావం' అని వ్యవహరిస్తున్నాను. ఇది శాస్త్రార్థాన్ని కొంత విస్తరించడమే. చర్చా సౌలభ్యం కోసం మాత్రమే ఈ విస్తరణ.

3. 'ప్రాఫెట్ సాంగ్': ఎవరూ తేని నియంతృత్వం

పాల్ లించ్ 'ప్రాఫెట్ సాంగ్' డబ్లిన్‌లో ఒక వానపట్టిన సాయంత్రం రహస్య పోలీసులు తలుపు తట్టడంతో ఆరంభమవుతుంది. వారు వెదకుతున్నది ఉపాధ్యాయ సంఘ నాయకుడైన ల్యారీని. అతడు నిర్బంధానికి గురై అదృశ్యమవుతాడు. నలుగురు పిల్లలను, మతిమరుపు వ్యాధిలోకి జారుతున్న తండ్రిని చూసుకునే భారం శాస్త్రజ్ఞురాలైన అతని భార్య ఐలిష్‌పై పడుతుంది. కెనడాలో ఉన్న చెల్లెలు దేశం విడిచి రమ్మంటున్నా ఆమె కదలదు. పెద్ద కుమారుడు తిరుగుబాటుదారులలో చేరతాడు. రెండో కుమారుడు బెయిలీ ఆసుపత్రి నుండి మాయమై చివరకు శవాగారంలో కనిపిస్తాడు. మిగిలిన ఇద్దరు పిల్లలతో ఆమె సముద్రతీరానికి చేరడంతో నవల ముగుస్తుంది.

ఈ నవలలో పేరాల విభజన లేదు, సంభాషణలకు ఉద్ధరణ చిహ్నాలు లేవు. ఊపిరి తీసుకునే చోటు దొరకని ఆ వాక్యప్రవాహం ఐలిష్ మనఃస్థితికి తగినదే. కుమారుని కోసం తల్లి వెదకే ఘట్టం చదివి చలించని పాఠకుడుండడు. అనుభావ చిత్రణలో లించ్ సమర్థుడు. ఇందులో వివాదం లేదు.

ఈ నవలను తరగతిలో చర్చించినప్పుడు ఒక పరిశోధక విద్యార్థిని అడిగిన ప్రశ్న నన్ను వెంటాడింది. "ఇంతకీ ఆ పార్టీకి ఓటు వేసినవాళ్లెవరు?" నవలలో అధికారంలో ఉన్నది 'నేషనల్ అలయన్స్' అనే పార్టీ. అది ఏ అసంతృప్తి మీద పెరిగింది, ఏ వర్గాలు దాన్ని నమ్మాయి, ఏ శత్రువును చూపించి అది గద్దెనెక్కింది అన్నవాటికి నవలలో తగిన ఆధారాలు లేవు. ఆ పార్టీకి విధేయులైన పొరుగువారు, సహోద్యోగులు అక్కడక్కడ కనిపిస్తారు. కానీ వారు ఎందుకలా మారారో తెలిసే అవకాశం పాఠకునికి ఉండదు. ఐలిష్ పరిధిలోనే కథ నడుస్తుంది గనుక ఆమెకు తెలియనిది పాఠకునికి తెలియదని సమర్థించవచ్చు. అయితే ఐలిష్ చదువుకున్న పౌరురాలు, సంఘ నాయకుని భార్య. ఆమెకు రాజకీయ జ్ఞాపకమే లేకపోవడం పాత్ర స్వభావం వల్ల వచ్చింది కాదు, రచయిత ఎంపిక వల్ల వచ్చింది.

ఈ లోపాన్ని చరిత్రే ఎత్తి చూపింది. 2023 నవంబర్ 23న డబ్లిన్‌లో ఒక పాఠశాల వెలుపల జరిగిన కత్తిదాడిలో పిల్లలు గాయపడ్డారు. ఆ తరువాత వలసదారులపై ద్వేషంతో రెచ్చిపోయిన గుంపులు నగర నడిబొడ్డున వాహనాలను తగలబెట్టి, దుకాణాలను కొల్లగొట్టాయి. మూడు రోజుల తరువాత, 26న, లించ్‌కు పురస్కారం ప్రకటించారు. నవల భవిష్యవాణిగా కీర్తి పొందడానికి ఈ సామీప్యం కొంత కారణం. నిశితంగా చూస్తే ఆ సంఘటన నవలలో లేనిదాన్నే చూపుతుంది. నవలలో భయం పైనుండి వచ్చి తలుపు తడుతుంది. వీధిలో అది కింది నుండి, సామాన్యుల మధ్య నుండి లేచింది. ఆ సామాన్యుని మనసులోకి ప్రవేశించడమే రాజకీయ నవలకు కష్టమైన పని. 'ప్రాఫెట్ సాంగ్' ఆ పనికి పూనుకోలేదు.

సిరియా విధ్వంసం, దానిపట్ల పాశ్చాత్య సమాజాల ఉదాసీనత ఈ రచనకు ప్రేరణ అని లించ్ బహిరంగంగానే చెప్పారు. అక్కడి వేదనను డబ్లిన్ కుటుంబానికి ఆపాదిస్తే ఐరోపా పాఠకుడు దాన్ని తనదిగా అనుభవిస్తాడన్నది ఆలోచన. ఇది సాధారణీకరణం వంటిదే అనిపిస్తుంది. కానీ రససిద్ధాంతంలో సాధారణీకరణం జరగడానికి సీత సీత కాకుండా పోనక్కరలేదు. విశిష్టమైన పాత్ర ద్వారానే సహృదయుడు సర్వసాధారణమైన భావాన్ని అందుకుంటాడు. ఇక్కడ జరిగింది వేరు. సిరియా స్త్రీ స్థానంలో ఐరిష్ స్త్రీని నిలిపితే గాని ఆ దుఃఖం అర్థం కాదన్న ఊహ దీని వెనుక ఉంది. ఆశ్రయం కోరి వచ్చినవారిని 2000 నుండి ఐర్లండ్‌లో 'డైరెక్ట్ ప్రొవిజన్' అనే ఏర్పాటు కింద ప్రత్యేక వసతులలో ఉంచుతున్నారు. శరణార్థి వేదనను డబ్లిన్‌కు చేర్చాలనుకున్న నవలలో, అప్పటికే అక్కడున్న శరణార్థికి కథాభారం మోసే పాత్ర దక్కలేదు. ఉదాసీనతను ఖండించదలచిన రచన, ఆ ఉదాసీనతకు ఆధారమైన ఊహతోనే రాజీపడింది.

4. 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్': మంచివాని ఏకాంతం

క్లెయిర్ కీగన్ 2021లో ప్రచురించిన ఈ చిన్న నవల 2022 బుకర్ తుది జాబితాలో చోటు పొందింది, అదే ఏడు రాజకీయ కల్పనా సాహిత్యానికిచ్చే ఆర్వెల్ బహుమతిని గెలుచుకుంది. 1985 క్రిస్మస్ ముందు న్యూరాస్ పట్టణంలో బొగ్గు వ్యాపారి బిల్ ఫర్లాంగ్, కన్యకామఠానికి బొగ్గు చేరవేసే సందర్భంలో బొగ్గుగదిలో బంధించి ఉన్న ఒక అమ్మాయిని చూస్తాడు. తాను కూడా అవివాహిత తల్లికి పుట్టినవాడు. ఒక ప్రొటెస్టెంట్ వితంతువు దయ వల్ల పెరిగి పెద్దయ్యాడు. తుదకు ఆ అమ్మాయిని మఠం నుండి తీసుకొని తన ఇంటి వైపు నడుస్తాడు.

దీని చారిత్రక నేపథ్యం భయంకరమైనది. మాగ్డలీన్ చాకిరేవు గృహాలలో చివరిది మూతపడింది 1996లో. రాజ్యం క్షమాపణ చెప్పింది 2013లో. అవివాహిత తల్లులు, శిశువుల గృహాలపై 2021 జనవరిలో వెలువడిన విచారణ సంఘ నివేదిక, తాను పరిశీలించిన సంస్థలలో సుమారు 9,000 మంది పిల్లలు మరణించారని వెల్లడించింది. ఆ స్త్రీల పట్ల జరిగిన కఠిన ప్రవర్తనకు ప్రధాన బాధ్యత పిల్లల తండ్రులది, స్త్రీల సొంత కుటుంబాలది అని నివేదిక పేర్కొనగా, చర్చి, రాజ్యాల బాధ్యతను అది తగ్గించి చూపుతోందని బాధితులు తీవ్రంగా నిరసించారు. కీగన్ నవల పాఠకుల చేతికి వచ్చింది అదే ఏడు. కనుక బాధ్యత ఎవరిది అన్నది ఆనాడు ఆ సమాజంలో సజీవమైన వివాదం.

ఈ వివాదానికి నవల సమీపించే ఘట్టం ఒకటుంది. ఫర్లాంగ్ తాను చూసినదాన్ని భార్య ఐలీన్‌తో చెప్పినప్పుడు, ఆమె అది తమకు సంబంధించిన విషయం కాదంటుంది. బతకాలంటే కొన్నింటిని పట్టించుకోకూడదన్నది ఆమె లోకజ్ఞానం. వారికి ఐదుగురు ఆడపిల్లలు. ఊళ్లో బాలికలకు మంచి బడి మఠం పక్కనే ఉంది, దానిపై మఠం పట్టు ఉంది. ఇక్కడ సామాజిక విభావం స్పష్టంగా కనిపిస్తుంది. క్రూరత్వం నిలబడింది దుర్మార్గుల వల్ల మాత్రమే కాదు, పిల్లల చదువు గురించి బెంగపడే మంచి తల్లుల మౌనం వల్ల కూడా.

కానీ నవల ఐలీన్‌ను ఆ తరువాత వదిలేస్తుంది. ఫర్లాంగ్ అమ్మాయితో ఇంటి తలుపు చేరేసరికి కథ ముగుస్తుంది. లోపల ఐలీన్ ఏమంటుంది? పిల్లలను బడి నుండి పంపివేస్తే ఏమవుతుంది? బొగ్గు కొనేవారు తగ్గిపోతే? ధ్వని ప్రధానమైన రచనలో ఇవన్నీ వ్యంగ్యంగా ఉన్నాయని సమర్థకులు అనవచ్చు. ఆ వాదనలో బలముంది. ముందున్న కష్టాలు ఫర్లాంగ్ మనసులో మెదులుతాయి కూడా. అయినా కథ ఎక్కడ ఆగిందో అక్కడే పాఠకుని స్థానం నిర్ణయమవుతుంది. మనం ఫర్లాంగ్ పక్కన నడుస్తూ, చలిలో ఒక వెచ్చదనాన్ని అనుభవిస్తూ ఆగిపోతాం. ఆ కాలంలో నిజంగా ఉండి ఉంటే మనలో చాలామందిమి ఐలీన్‌లమే. ఆ చేదు నిజాన్ని ఎదుర్కొనే అవసరాన్ని నవల తప్పించింది. ఇక బొగ్గుగదిలోని అమ్మాయి మాట్లాడేది బహు స్వల్పం. ఆమె ఫర్లాంగ్ మంచితనానికి ఆలంబనమైనంతగా తన కథకు తాను నాయిక కాలేదు.

5. 'నార్మల్ పీపుల్': ఉపకార వేతనంతో తీరిన వర్గ సమస్య

సాలీ రూనీ 2018లో వెలువరించిన ఈ నవల ఆ ఏటి బుకర్ తొలి జాబితాలో నిలిచింది. ఐర్లండ్ పశ్చిమ భాగంలోని ఒక చిన్న ఊళ్లో, సంపన్నురాలైన మరియాన్ ఇంట్లో కానెల్ తల్లి పనిమనిషి. ఇద్దరూ డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలకు చేరతారు. 2008 ఆర్థిక పతనం తరువాతి తరం చరిత్రగా ఈ నవలను పలువురు కీర్తించారు.

నవలలో అత్యుత్తమ ఘట్టం ఒక చిన్న అపార్థం. వేసవిలో పని పోయి, అద్దె కట్టలేని స్థితిలో ఉన్న కానెల్, మరియాన్ ఇంట్లో ఉండనిమ్మని అడగలేకపోతాడు. ఆమెకు అతని ఇబ్బంది తోచదు. ఇద్దరూ విడిపోతారు. డబ్బు లేనివానికి నోరు పెగలకపోవడం, ఉన్నవారికి ఆ మౌనం అర్థం కాకపోవడం ఇక్కడ అద్భుతంగా పలికింది. వర్గం ప్రేమ భాషను ఎలా శాసిస్తుందో చూపిన సన్నివేశమిది. కానీ ఆ తరువాత ఇద్దరికీ కళాశాల ఉపకార వేతనం లభిస్తుంది. వసతి, భోజనం సమకూరుతాయి. కానెల్‌కు ఐరోపా యాత్ర కూడా సాధ్యమవుతుంది. డబ్బు ఎంతటి తేడా తెస్తుందో అతడు గ్రహించిన మాట నిజమే. ఐతే సమస్య ఆ గ్రహింపుతో ముగిసిపోతుంది. ఇక మిగిలేది ఇద్దరి మనోవ్యథ. మరియాన్ ఇంటిలోని హింసకు కూడా చిత్రణ ఉంది గాని హేతువు లేదు. ఆమె అన్న క్రూరత్వం ఒక స్వభావంగానే మిగిలిపోతుంది. విభావం మొదట సామాజికమై, తరువాత వైయక్తికమై, చివరకు మానసికమైంది.

6. ప్రత్యుదాహరణలు

పై వాదన ఐరిష్ నవలపై ఆరోపణగా పరిణమించకూడదు. అదే నేల నుండి వచ్చిన రెండు నవలలు ఈ కొలతకు నిలుస్తాయి.

ఆనా బర్న్స్ 'మిల్క్‌మన్'లో పాత్రలకు పేర్లు లేవు. కథకురాలు ఇంట్లో నడిమి కూతురు. మిగిలినవారు మొదటి బావ, మూడో బావ వంటి వరుసలతోనే తెలుస్తారు. వరుసలతో పిలుచుకోవడం మన ఊళ్లలో ఆత్మీయతకు గుర్తు. ఆ నవలలో అది భయానికి గుర్తు. రెండు మతవర్గాల మధ్య చీలిన ఆ నగరంలో పేరు చెబితే చాలు, మనిషి ఏ పక్షమో తెలిసిపోతుంది. పద్దెనిమిదేళ్ల అమ్మాయిని సాయుధ దళానికి చెందిన నడివయస్కుడు వెంటాడుతాడు. ఆమెకు అతనితో సంబంధం ఉందన్న వదంతిని పుట్టించేది సొంత బావే. దాన్ని పెంచేది ఊరు, నమ్మేది తల్లి. హింసించేవాడు, హింసకు గురయ్యేవారు, చూస్తూ ఊరుకునేవారు ఒకే వీధిలో ఉంటారు. పేర్లు లేని శిల్పం ఇక్కడ గాంభీర్యం కోసం తెచ్చిన అలంకారం కాదు, వస్తువు నుండే పుట్టింది. ఔచిత్యం అంటే ఇదే. ఈ నవలకు కూడా బుకర్ లభించింది గనుక పురస్కారమే దోషమనడానికి వీలులేదు.

జాన్ మెగాహర్న్ 'అమాంగ్‌స్ట్ విమెన్' 1990లో వెలువడి బుకర్ తుది జాబితాకు చేరింది. నాయకుడు మోరన్ స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాడు. తాను తెచ్చిన స్వరాజ్యంలో తనకు చోటు లేదన్న కసితో ఇంటినే తన రాజ్యంగా చేసుకొని కుటుంబాన్ని శాసిస్తాడు. పెద్ద కుమారుడు లండన్ వెళ్లి తిరిగి లొంగడు. ముగ్గురు కూతుళ్లు మాత్రం తండ్రికి భయపడుతూనే ఆయన కీర్తిని కాపాడుతారు. దేశచరిత్ర ఇంటి భోజనాల బల్ల దగ్గరకు ఎలా వచ్చి కూర్చుంటుందో ఈ నవల చూపుతుంది. ఆ కూతుళ్ల ప్రేమను పాఠకుడు నమ్ముతాడు. నమ్మిన మరుక్షణం తన ఇంటి పెద్దల గురించి ఆలోచించక తప్పదు. వేదనకు కారణం పాఠకుని ఇంటిదాకా వచ్చింది.

7. ముగింపు

పై పరిశీలన నుండి తేలే అంశాలివి. మొదటిది, ఈ మూడు నవలలలో కలిగిన ఆశాభంగం శిల్పలోపం వల్ల వచ్చినది కాదు. రెండోది, వేదన చిత్రణలో ఉన్న శ్రద్ధ ఆ వేదన మూలాల అన్వేషణలో లేదు. మూడోది, ఆ లోటు వల్ల పాఠకుడు ప్రశ్నింపబడకుండా సానుభూతిపరుడుగా మిగులుతాడు. నవల, పాఠకుడు మొదటి పుట నుండే ఒకే పక్షాన ఉంటారు. ప్రశంస అంత సులభంగా, అంత ఏకకంఠంగా రావడానికి బహుశా ఇదే కారణం.

ఈ నిర్ణయం మూడు నవలలకే పరిమితం. ఆర్థిక పతనాన్ని ఒక కుటుంబం కథలోకి తెచ్చిన పాల్ మర్రీ 'ద బీ స్టింగ్' వంటి రచనలను కూడా ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది.

ఈ చర్చ మనకెందుకన్న ప్రశ్న సహజం. తులనాత్మక సాహిత్య పాఠ్యాంశాలను ఎంపిక చేసేటప్పుడు, అనువాదాలకు పుస్తకాలను సూచించేటప్పుడు పురస్కారాల జాబితాలు మన ముందుంటాయి. వాటితోపాటు సంయమనం, క్లుప్తత, మృదు స్వరం ఉత్తమ నవలకు లక్షణాలన్న ఒక ప్రమాణం కూడా వస్తుంది. ఆ గుణాలు గొప్పవే. కానీ కారణాన్ని పేరు పెట్టి చెప్పే తెలుగు దళిత, స్త్రీవాద రచనలను 'నినాదప్రాయం' అని పక్కన పెట్టిన విమర్శ మనకు కొత్త కాదు. కారణం చెప్పని మౌనాన్ని కళగా, కారణం చెప్పిన గొంతును అకళగా భావించే ముందు, ఆ మౌనం వస్తువు నుండి పుట్టిందా, వస్తువు నుండి తప్పించుకోవడానికి పుట్టిందా అని విడిగా అడగాలి. ఆ ప్రశ్నను ఐరిష్ నవలను అడగగలిగినవారు తెలుగు నవలను కూడా అడగగలరు. మోరన్ కూతుళ్లను, ఊరి వదంతిని నమ్మిన తల్లిని మనం మరచిపోలేం, ఎందుకంటే వారు మనకు తెలిసినవారు. ఫర్లాంగ్ ఇంటి తలుపు వెనుక నిలిచి ఉన్న ఐలీన్ కూడా మనకు తెలిసినదే. ఆమె చేత మాట్లాడించే నవల కోసం ఎదురుచూడడం అత్యాశ కాదు.